అకారణముగా కరచినదను మాట

ఇంట పెంచిన కుక్క యొకనాడు ఇంటిబిడ్డనే కరచినచో, ఆ యింటివారి నోట మొట్టమొదట వెడలు మాట యొక్కటియే: "దానిని ఎవ్వరు నేమియు అనలేదు, అకారణముగా మీద పడినది." ఈ మాట దుఃఖమునుండి పుట్టినది; ఇందు కపటము లేదు. అయినను దీనిని కొంచెము నిదానించి పరీక్షింపవలసియున్నది. ఏలయన, ఈ యొక్క మాటమీదనే ఆ జంతువు ప్రాణము, ఆ యింటి పసిబిడ్డల క్షేమము, ఇరుగుపొరుగువారి నెమ్మది ఆధారపడియున్నవి. కారణము లేదని తేల్చినతోడనే విచారణ ముగియును. విచారణ ముగిసినచోట దండన మొక్కటియే మిగులును. కారణము లేదనుటయు, కారణము మాకు కనబడలేదనుటయు ఒకటి కాదు. ఈ రెంటికి నడుమనున్న దూరమును గూర్చియే మేమిచ్చట విచారింపదలచితిమి.

అకారణహింసను గూర్చిన ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. మహాభారతమున ఆదిపర్వారంభముననే యిది యున్నది. కురుక్షేత్రమున జనమేజయుడు సత్రయాగము చేయుచుండగా, దేవలోకపు శునకమగు సరమయొక్క కొడుకు ఆ యజ్ఞవాటమునకు వచ్చెను. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోగా, ఆమె ముందుగా తన బిడ్డనే విచారించినది: నీవేమైన తప్పు చేసితివా యని. తాను హవిస్సును నాకలేదనియు, అటు చూడనైన లేదనియు అది చెప్పినది. అటుపిమ్మటనే ఆమె రాజుకడకు వచ్చి, ఏమి తప్పునకు నా కొడుకును కొట్టితిరని యడిగినది. ఒక్కరును బదులు చెప్పలేదు. తప్పుచేయనివానిని కొట్టినందున మీకు కానరాని భయము వచ్చునని ఆమె శపించినది. నన్నయ తెనుగున చెప్పిన తొలికథలలో నిది యొకటి. ఇందు అకారణముగా మీదపడినవారు మనుష్యులు, కారణమడిగినది కుక్క. తన బిడ్డను సమర్థించుటకు ముందు ప్రశ్నించిన ఆ తల్లి న్యాయబుద్ధి మాకు మిక్కిలి నచ్చినది. మన యింటి కుక్క విషయమున ఆ పాటి విచారణ మనము చేయుచున్నామా?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతమున, గంపలగూడెము మండలములోని నెమలి గ్రామము వేణుగోపాలస్వామి ఆలయమువలన దూరపువారికి గూడ తెలిసినది. ఆ చుట్టుపట్ల మామిడితోటలు, ప్రత్తిచేలు, మిరపచేలు విస్తారము. ఇట్టి సీమలో కుక్క వినోదమునకై తెచ్చుకొన్న బొమ్మ కాదు. అది పని చేయునది. కాపుకు వచ్చిన తోటకు, మిరపకాయలు ఎండు కల్లమునకు అదియే కావలి. ఇదే పూర్వపు కృష్ణాజిల్లాలో, కొల్లేటివైపున, జోనంగి యను పొట్టివెండ్రుకల కుక్కలు బాతులమందలను కాచుటకు పేరుపడినవి. పని చేయు జంతువునకు పని యెప్పుడు మొదలగునో, ఎప్పుడు ముగియునో తెలియవలెను. ఎద్దు విషయమున మన రైతు దీనిని చక్కగా నెరుగును. కాడి దింపిన పిమ్మట ఎద్దును ఎవరును అదలింపరు. కుక్క విషయమున మాత్రము ఈ వివేకము మాయమగును.

అట్టి యూరిలో నొక యిల్లు ఊహింతము. ఇది ఏ యొక్క కుటుంబము కథయు కాదు. కనుకనే చాల కుటుంబములకు సరిపోవును. కుక్కకు నాలుగేండ్లు. తెల్లవారినది మొదలు దానిని దొడ్డిలో వేపచెట్టు మొదట గొలుసుతో కట్టుదురు. గొలుసు మూడు మూరలు. చీకటిపడిన తరువాత విప్పి కల్లమునకు తోలుకొనిపోవుదురు. అచ్చట అలికిడి యైనప్పుడెల్ల మొరిగినచో "సెబాసు" అందురు. ఆ మొరుగుడే పగటివేళ చుట్టములు వచ్చినప్పుడు వినబడినచో కర్ర విసరుదురు. నాయనమ్మ అన్నము పెట్టును. పెద్దకొడుకు సెల్‌ఫోనులో చిత్రము తీయుటకై దానిని ఉసికొల్పి, అది మీదికి దుమికినప్పుడు నవ్వి, మరునాడు అదే పనికి తన్నును. చిన్నపిల్లవాడు తోక పట్టి లాగును. పసివాడు గనుక ఎవరును వారింపరు. కుక్క నూరుసార్లు సహించును. ఆ సహనమును చూచి ఇంటివారు "మా కుక్క బంగారము" అని పదిమందితో చెప్పుకొందురు. ఇట్లుండగా స్వామి కల్యాణమునకు ఇంటినిండ చుట్టములు దిగుదురు. ఎరుగని కాళ్లు, మైకుల హోరు, బాణసంచా. ఆ సందడిలో రెండు పూటలు దానికి నీరు పెట్టుట మరచెదరు. మూడవపూట విస్తళ్లలోని మిగులు వేయగా అది ఆత్రముగా తినుచుండును. చుట్టాలబిడ్డ యొకతె దానిని ముద్దుచేయవలెనని వెనుకనుండి వచ్చి మెడ కౌగిలించుకొనును. బిడ్డ చెంప చీలును. "అకారణముగా!" అని ఇల్లంతయు గొల్లుమనును.

ఆ ఒక్క క్షణమును మాత్రమే చూచినవారికి అది అకారణమే. బిడ్డ కొట్టలేదు, తిట్టలేదు, ప్రేమతో వచ్చినది. కాని కుక్కకు ఆ క్షణము నాలుగేండ్ల చివర వచ్చిన క్షణము. ఈ విషయమున రష్యాదేశపు శరీరశాస్త్రజ్ఞుడు పావ్లోవు వర్ణించిన ప్రయోగ మొకటి స్మరింపదగినది. ఆయన ప్రయోగశాలలో ఒక కుక్కకు వృత్తాకారమును చూపినప్పుడు ఆహారమిచ్చిరి. కోడిగ్రుడ్డువలె సాగిన యాకారమును చూపినప్పుడు ఈయలేదు. అది రెంటిని చక్కగా గుర్తుపట్టినది. క్రమక్రమముగా ఆ సాగిన యాకారమును వృత్తమునకు దగ్గర చేయుచు వచ్చిరి. దాని పొడవు వెడల్పులు 9కి 8గా నైనంతవరకు వచ్చునప్పటికి కుక్కకు ఏది యేదో తెలియకపోయినది. అంతవరకు నెమ్మదిగా నిలుచుచుండిన ఆ జంతువు అరచి, పెనగులాడి, తన మీద కట్టిన పరికరములను పండ్లతో పెరికివేసినది. దాని నెవరును కొట్టలేదు. ఏ గుర్తునకు ఏ ఫలమో తెలియని స్థితియే దానిని అట్లు చేసినది. ఈ ప్రయోగము వర్ణించిన గ్రంథము 1927లో ఆంగ్లమున వెలువడినది. మన ఊహాగృహములో రాత్రి మెప్పు పొందిన మొరుగుడునకు పగలు దెబ్బ దొరకుట, నవ్వు తెప్పించిన దుముకుడునకే మరునాడు తన్ను దొరకుట, ఆ ప్రయోగశాలలోని బొమ్మలకంటె ఏమాత్రము తేటగా నున్నది? అచ్చట ఒక నియమమైన నుండినది. ఇచ్చట ఇంటివారి చిత్తవృత్తియే నియమము.

ఇంకొక సంగతి గలదు. కుక్కకు భాష లేదని మనమనుకొందుము. దాని భాష దాని దేహమంతట నున్నది. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుట, ఒడలు బిగదీయుట, ఆకలి లేకయే పెదవులు నాకుకొనుట, కంటితెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచుట, మెడమీది రోమములు నిక్కబొడుచుకొనుట, తుదకు గుర్రుమనుట, ఇవి యన్నియు "ఇంక దగ్గరకు రావలదు" అను ప్రార్థనకు వేరువేరు మాటలు. తోక యాడించుచున్నది గదా యని దగ్గరకు పోయి కరపించుకొన్నవారు పెక్కురు. తోక కదలుట ఎల్లప్పుడును సంతోషమునకు గుర్తు కాదు. మొరిగే కుక్క కరవదను సామెతయు నట్టిదే. దానిని నమ్మి గోడదాటినవారి పిక్కలే దానికి సమాధానము. గుర్రుమన్నంత మాత్రమున కుక్కను చావగొట్టు అలవాటు మన యిండ్లలో మెండు. అట్లు కొట్టగా కొట్టగా అది గుర్రుమనుట మానివేయును. దాని భయము మానదు. భయము చెప్పు నోరు మాత్రము మూతబడును. అటువంటి కుక్క ఏ హెచ్చరికయు లేక కరచును. అప్పుడు మనము దానిని అకారణమందుము. ఇంటిబిడ్డను ఎదురుచెప్పినందుకెల్ల కొట్టి, వాడు మౌనియైన పిమ్మట మంచివాడైనాడని మురిసి, ఒకనాడు వాడు ఇల్లు విడిచిపోగా ఆశ్చర్యపడు తండ్రులను మేమెరుగుదుము.

కొట్టుటకు ఆధారముగా కొందరు విద్యావంతులు ఒక శాస్త్రమును గూడ చూపుదురు. కుక్క తోడేలుజాతిది, తోడేళ్లమందలో బలవంతుడు తక్కినవానిని అణచి యేలును, కాబట్టి యజమానుడు కుక్కను అణచి తన యాధిక్యమును స్థాపింపవలెనట. దీనికి మూలము 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అను పండితుడు జంతుశాలలో బంధించియుంచిన తోడేళ్లను చూచి వ్రాసిన వ్రాత. డేవిడ్ మీచ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970లో వెలువరించిన గ్రంథమువలన ఈ భావము లోకమున వ్యాపించినది. ఆ మీచే అడవిలోని తోడేళ్లను ఏండ్లతరబడి గమనించి, 1999లో ఆ భావమును సవరించెను: స్వేచ్ఛగా నుండు తోడేళ్లమంద యనునది తల్లి, తండ్రి, వారి పిల్లలు గల కుటుంబమేగాని, బలాబలముల పోటీ కాదని. ఒకరినొకరు ఎరుగని ప్రాణులను ఒక చెరలో బంధించినప్పుడు పుట్టిన కలహమును ప్రకృతిధర్మమని లోకము భ్రమపడినది. గృహమునందు ఒకని యాధిక్యము తక్కినవారి భయముమీదనే నిలుచునను సిద్ధాంతము కుక్కలతోడనే యాగిపోలేదని చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

పుట్టుకమీద నెపము మోపువారు మరికొందరు. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వశాఖ యొకటి ఇరువదిమూడు జాతుల కుక్కలను క్రూరములని పేర్కొని, వానిని పెంచుటను నిషేధింపుడని రాష్ట్రములకు వ్రాసెను. సంబంధించినవారి నెవరిని సంప్రదింపలేదని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసెను. పెద్దదవడగల జాతి కరచినచో గాయము పెద్దదగుట నిజమే. ఈ జాగ్రత్త అవసరమే. కాని దవడ బలము వేరు, కరవవలెనను బుద్ధి వేరు. పుట్టుకచేతనే గుణము నిర్ణయమగునను వాదముతో మనుష్యుల విషయమున ఇంతకాలము పోరాడినవారము, కుక్కల విషయమున దానిని సులభముగా నంగీకరించుట వింతగా నున్నది.

ఇక రోగము మాట. నాలుగైదేండ్లు నెమ్మదిగా నుండిన కుక్క ఉన్నట్టుండి స్వభావము మార్చుకొన్నచో, మొదట దాని బుద్ధిని గాక దాని యొడలిని అనుమానింపవలెను. చెవిలో చీము, పుచ్చిన పన్ను, కీళ్లనొప్పి, చూపు మందగించుట, వినికిడి తగ్గుట, ఇవి యన్నియు దానిని కరచునట్లు చేయగలవు. నిద్రలో నున్న చెవిటికుక్కను తాకినచో అది ఉలికిపడి కరచును. థైరాయిడ్ గ్రంథి లోపమువలనను, మెదడులో కంతి లేచుటవలనను స్వభావము మారుటయు గలదు. చెవిపోటుతో రాత్రియంతయు మేలుకొన్న మనిషి ప్రొద్దుటే ఎంత తియ్యగా మాటలాడునో మనకందరకు తెలియును. కాబట్టి పశువైద్యుడు చూచినదాక ఏ తీర్పును చెల్లదు.

వీని యన్నిటికంటె భయంకరమైనది పిచ్చికుక్క రోగము. ఇది లాలాజలమునుండి గాయములోనికి ప్రవేశించి, నరముల వెంబడి మెల్లగా మెదడు చేరును. ప్రాయికముగా ఇందుకు ఒకటి మొదలు మూడు నెలలు పట్టును. రోగలక్షణములు పైకి వచ్చిన తరువాత ప్రాణము నిలుచుట మిక్కిలి అరుదు. 1885లో పాశ్చరు ఒక బాలుని ఈ మృత్యువునుండి తప్పించెను. 1907లో దక్షిణదేశమునకు కూనూరున ఆయన పేర నొక సంస్థ వెలసెను. బొడ్డుచుట్టు పొడుచు సూదులనుగూర్చి మన పెద్దలు చెప్పుకొను భయము గొర్రెల మెదడునుండి చేసిన పాతమందునుగూర్చినది. ఆ మందు వాడుక 2004లోనే మనదేశమున నిలిచిపోయినది. ఇప్పటి మందు చేతికి పొడుతురు. అయినను నేటికిని కొందరు కాటుమీద మిరపపొడి, సున్నము, పసుపు అద్దుచున్నారు. మిరపపంటకు పేరుపడిన సీమలో ఈ మాట మరియొకమారు చెప్పవలసియున్నది: కారము గాయమును మంటపెట్టి కెలకునేగాని రోగబీజమును చంపదు. సబ్బుతో, ధారగా పోయు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటి కుక్కయే గదా యని ఆలసింపరాదు.

ఇచ్చట మన తొందరపాటు చేయు నష్ట మొకటి గలదు. కరచిన కుక్కను గ్రామస్థులు అప్పటికప్పుడే గుదియలతో చంపివేయుదురు. కరచిననాడు దాని లాలాజలమున ఆ విషముండినయెడల, అది పదిదినములలో రోగలక్షణములు చూపి చచ్చును. పదిదినములు గడచియు ఆరోగ్యముగా నున్నచో ఆ కాటువలన ఈ రోగభయము లేదని వైద్యులు తేల్చగలరు. కుక్కను చంపినవారు బిడ్డ తల్లికి ఆ నిశ్చింతను గూడ చంపివేయుచున్నారు. బిడ్డకు మందు మొదలుపెట్టుట ఆగనక్కరలేదు. కుక్కను చంపుట మాత్రము ఆగవలెను.

ఇంతవరకు మేము కుక్క పక్షమున పలికినట్లు తోచవచ్చును. అది నిజము కాదు. కారణము తెలిసినంతమాత్రమున అపాయము పోదు. ఎన్ని జాగ్రత్తలు పడినను, నొప్పి కుదిరినను, కరచుట మానని కుక్కలు కొన్ని గలవు. మెదడులో మూర్ఛవంటి వికారము పుట్టి క్షణకాలము తన్ను తానెరుగని కుక్కలను గూర్చియు పశువైద్యులు వ్రాసియున్నారు. అవి మిక్కిలి అరుదు, కాని లేకపోలేదు. అట్టి యింట పాకులాడు బిడ్డ యున్నచో, కుక్కమీది మమకారముతో ఆ బిడ్డ కండ్లను, మెడను పణముగా నొడ్డు హక్కు ఎవరికిని లేదు. బిడ్డకును కుక్కకును నడుమ ఎల్లప్పుడును మూసియుండు తలుపు; నోరు తెరచి రొప్పుటకు, నీరు త్రాగుటకు వీలుండు మూతిచిక్కము; బిడ్డలు లేని, సంగతి యంతయు తెలిసి యొప్పుకొన్న మరియొక పోషకుడు; ఇవి మొదటి యుపాయములు. ఇవి యేవియు సాగనప్పుడు, పశువైద్యుని చేత నొప్పిలేని మరణ మిప్పించుటను మేము పాపమనము. 1926లో అహమ్మదాబాదునందు అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణలోని సుమారు అరువది వీధికుక్కలను చంపించినప్పుడు, గాంధీమహాత్ముడు ఆ పనిని సమర్థించి, దానివలన పుట్టిన తీవ్రవాదములకు యంగ్ ఇండియాలో వరుసగా సమాధానములు వ్రాసెను. పిచ్చికుక్కను చంపుట కొన్నివేళల విధియగుననియు, కుక్కలకు దిక్కులేకుండ చేసి వానికి మెతుకులు విసరుట దయ కాదనియు ఆయన వాదము. అహింసావ్రతుని నోట ఇట్టిమాట వినలేక నొచ్చుకొన్నవారు అనేకులు. ఆయన వాదమంతయు మేమంగీకరింపము. అరువదింటిలో ఎన్ని నిజముగా పిచ్చివో యని మాకు సందేహము. కాని పోషణభారము వహించనివాడు దయగలవాడని పేరు పొందుటను ఆయన నిలదీసినది మాత్రము నేటికిని చెల్లును.

మేము మిక్కిలి గర్హించునది మధ్యేమార్గమొకటి. చంపుటకు చేతులు రావు. ఉంచుకొనుటకు ధైర్యము లేదు. అప్పుడు కుక్కను గోతములో మూటగట్టి, బండిమీద వేసికొని, కట్టలేటి కవతలనో, పొరుగూరి పొలిమేరలోనో చీకటివేళ విడిచివత్తురు. ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొని, "పాపము చేయలేదు, ఎక్కడనో బ్రతుకును" అనుకొందురు. ఈ పనియందు హింసయు, అసత్యమును, పిరికితనమును మూడును గలవు. కరచునని తమకు తెలిసిన జంతువును, తెలియని యూరి బిడ్డలమీదికి వదలుచున్నారు. అది ఆకలితో మాడుచు, మరియొక మందచే చీల్చబడుచు చచ్చుట తమ కంటబడదు. అంతియే వారు పొందిన లాభము. ఆకలిదప్పులపాలగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసానివారణచట్టము 11వ సెక్షనున నేరము. ఎల్లప్పుడును కట్టివేసియుంచిన కుక్కను తగినట్లు త్రిప్పకుండుటయు ఆ సెక్షను క్రిందనే నేరము. మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలు. కుక్క గొలుసునకే అంతకంటె నెక్కువ ఖరీదగును! ఇక తన జంతువు ఒరులకు హాని చేయకుండ కాపాడని యజమానునికి, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ఆరునెలల వరకు చెరను, అయిదువేల రూపాయల వరకు జరిమానాను చెప్పుచున్నది. వీధికుక్కల విషయమున సుప్రీంకోర్టు 2025 ఆగష్టు 22న ఇచ్చిన యుత్తరువులో, టీకా వేసిన కుక్కలను తిరిగి వాని తావులలోనే విడువవచ్చుననియు, పిచ్చిపట్టినవానిని, క్రూరముగా మీదపడువానిని విడువరాదనియు చెప్పినది. క్రూరమైనదని నిర్ణయించువా రెవరో, ఎన్నిదినములు చూచి నిర్ణయింతురో, ఆ చిక్కు మరల మనము మొదలుపెట్టిన చోటికే వచ్చును. వీధిలో నున్న యా కుక్కలలో కొన్ని ఒకప్పుడు మనవంటివారి యింటి వేపచెట్టు క్రింద నుండినవే గదా.

ఈ నిర్ణయము ఇంటిలో ఎవరు చేయవలెను? సాధారణముగా కుక్కతో తక్కువ కాలము గడపినవాడే ఎక్కువ గట్టిగా పలుకును. పెద్దకొడుకు "తీసికొనిపోయి వదలివేయుదము" అనును. ఇంటి పెద్ద తలయూపును. రోజుకు రెండు పూటలు అన్నము పెట్టు నాయనమ్మను ఒక్కరును అడుగరు. నెలదినములుగా అది ఎడమవైపున నమలుట లేదనియు, చెవిదగ్గర చేయి వేయనిచ్చుట లేదనియు ఆమెకు తెలియును. అడిగినవారు లేక చెప్పలేదు. ఆడవారికి తెలిసిన సంగతులు విచారణలోనికి రాకపోవుటవలన మన యిండ్లలో అకారణములైన సంగతులు ఎన్ని యున్నవో!

కరచబడిన బిడ్డకును, ఇంటిలోని తక్కిన బిడ్డలకును నిజము చెప్పవలెను. "తోటలోనికి పంపితిమి" అని కల్లలాడవలదు. నాలుగేండ్ల బిడ్డకు గూడ అర్థమగు నిజ మొకటి గలదు: కుక్క తినునప్పుడు, నిద్రపోవునప్పుడు, కూనలకు పాలిచ్చునప్పుడు దాని దగ్గరకు పోరాదు, అది ముఖము త్రిప్పుకొన్నచో నీవును తిరిగి వచ్చివేయవలెను. ఈ మాట కుక్కపిల్లను ఇంటికి తెచ్చిననాడే చెప్పియుండవలసినది. కాటు పడిననాడు మాత్రము పెద్దలు మొదట నిశ్చయించుకొనవలసినది వేరొకటి: గాయము కడిగి బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవువా రెవరు, ఆ వెనుక పదిదినములు కుక్కను ఎవరిని సమీపింపనీయక ఒక గదిలోనో పాకలోనో ఉంచి, దూరమునుండి నీరును అన్నమును జరపుచు, అది తినుచున్నదో లేదో, నీరు మింగగలుగుచున్నదో లేదో ప్రతిదినము చూచి వైద్యునికి చెప్పువా రెవరు. పదునొకండవదినమున, నాయనమ్మను ముందు కూర్చుండబెట్టుకొని, తక్కిన సంగతి మాటలాడుకొనవచ్చును.